గోదాలో మద్దిలేటి మూల

"రేపట్నుంచి వస్తా ఉస్తాద్."

మద్దిలేటి ఈ మాట తన ఇంటి అరుగు మీద కూర్చుని ఇచ్చాడు. వీధికి అవతల, కుస్తీ నేర్పే తాలీం గుమ్మంలో నిలబడి ఇమాం ఉస్తాదు విన్నాడు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క వీధి. ఆటో వస్తే మనిషి గోడకు ఒదిగి నిలబడాల్సినంత ఇరుకు వీధి.

ఒక రోజు కాదు. ఏళ్ళ తరబడి ప్రతి పొద్దునా అదే మాట.

కర్నూలు పాతబస్తీలో ఒకప్పుడు మద్దిలేటి పేరు చెబితే కుస్తీ పోటీలకు జనం గోడలెక్కి చూసేవాళ్ళు. ఒక పట్టులో భుజం గూడు తప్పింది. నయమయ్యేదాకా ఇంట్లో ఉండమని కట్టుకట్టినవాడు చెప్పాడు. భుజం నయమైంది. మద్దిలేటి మాత్రం మళ్ళీ వీధి దాటలేదు.

నలభై నిండకముందే గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి ఆ ఒళ్ళు ఎంత పెరిగిందంటే, శవాన్ని బయటికి తేవడానికి గుమ్మం చాలలేదు. తలుపు రెక్క ఒకటి ఊడదీసి గోడకు ఆనించారు. పాడె మోసినవాళ్ళు దారిలో రెండుసార్లు దించి ఊపిరి తీసుకున్నారు. అందులో ఒకడు చెమట తుడుచుకుంటూ మద్దిలేటి తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసి, పక్కవాడితో అన్నాడు.

"వచ్చేసారికి ఇంకో ఇద్దర్ని పిలుచుకోవాలప్పా."

తమ్ముడు కంబగిరి విన్నాడు. వినాలనే వాడన్నాడు.

కంబగిరిదీ అదే ఒళ్ళు. అదే మెడ, అదే పొట్ట, మెట్లెక్కితే అదే ఆయాసం. డిగ్రీ చదివాడు. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ తిరగేశాడు. అన్యాయం ఎక్కడ జరిగినా ముందు గోడ మీద రాసేది అతనే. రెండుసార్లు బరువు తగ్గాడు. ఒకసారి పోలీసు సెలెక్షన్ కోసం, ఇంకోసారి స్నేహితులతో పందెం కోసం. తగ్గిన ప్రతిసారీ ఫోటో దిగి అందరికీ పంపాడు. మళ్ళీ పెరిగినప్పుడు ఆ స్నేహితులు ఎదురైతే సందు మార్చి నడిచాడు.

అన్న కర్మ అయిన మర్నాడు పొద్దున్నే కంబగిరి తాలీంలోకి వచ్చాడు. ఉస్తాదు కుస్తీ పట్టే మట్టి గోదాలో గొంతుకూర్చుని మట్టిగడ్డల్ని వేళ్ళతో చిదుపుతున్నాడు. జల్లించిన ఎర్రమట్టి, అందులో పసుపు, నువ్వులనూనె, మజ్జిగ. ఆ వాసన కంబగిరికి చిన్నప్పటినుంచీ అన్న ఒంటి వాసన.

"మా అన్నను నువ్వు చంపినావు ఉస్తాద్."

పుట్టి బుద్ధెరిగాక ఆ కుర్రాడు ఉస్తాదును 'నువ్వు' అనడం అదే మొదలు.

"కూర్చో బేటా."

"కూర్చోను. బాదాము అలవాటు చేసింది నువ్వు. గిన్నెల్తో నెయ్యి తాగించింది నువ్వు. ఆయన కసరత్తు మానేసినాక మాత్రం నీకు నోరు పెగల్లేదు. ఒక్కసారి ఈ వీధి దాటి వచ్చి, చెయ్యి పట్టి లాక్కొచ్చి ఉంటే మా అన్న బతికేవాడు. ఎందుకు రాలేదు? చూస్తూ ఊరుకున్నోడు కూడా హంతకుడే!"

ఉస్తాదు చేతిలో గడ్డ చిదుపుతూనే ఉన్నాడు.

"ఆగస్టు పదిహేను లోపల నాకు జవాబు కావాల. నాకు కాదు, వీధి మొత్తానికీ చెప్పాల."

"ఆగస్టు పదిహేనా?"

"అవును."

"ఇంకా మామిడికాయలే రాలేదు. శానా టైమిచ్చినావు." ఉస్తాదు లేచాడు. మోకాలు పట్టుకుని, గోడ ఆనుకుని, నెమ్మదిగా. మూలనున్న పార తెచ్చి కంబగిరి చేతిలో పెట్టాడు. "అంతవరకూ ఆ మూల తవ్వుతాండు."

ఆ తాలీంలో ఒక కట్టుబాటు ఉంది. గోదాలో ప్రతి శిష్యుడికీ ఒక వంతు. కసరత్తుకు ముందు ఎవరి వంతు వాళ్ళే తవ్వి మెత్తగా చెయ్యాలి. ఒకరి వంతులో ఇంకొకరు పార వెయ్యకూడదు. ఉస్తాదు ముసలివాడైనా ఆయన వంతు ఆయనే తవ్వుకుంటాడు. నాలుగు రోజులు వదిలేస్తే చాలు, ఆ నూనె, ఆ మజ్జిగ మట్టిని పట్టుకుని నేల బండగా మారిపోతుంది.

తూర్పు మూల మద్దిలేటిది. ఏళ్ళుగా ఎవరూ ముట్టలేదు. పట్లు పట్టేవాళ్ళు ఆ మూలకు జరగకుండా జాగ్రత్తపడేవాళ్ళు. అక్కడ పడితే ఎముక విరుగుతుంది.

కంబగిరి పార తీసుకున్నాడు. పాడె మోసినవాడి మాట అతని చెవిలో ఇంకా ఉంది.

మరునాడు ఎర్రరంగు డబ్బా, కుంచె తెచ్చి తాలీం గోడ నిండా పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. ఉస్తాదుకు తెలుగు చదవడం రాదు.

"ఏం రాసినావు?"

"సంకల్పమే ఆయుధం. శరీరమే తొలి రణరంగం. విజయమో వీరమరణమో!"

"బాగుంది." ఉస్తాదు గోడను కాసేపు చూశాడు. "పార యాడ పెట్టినావు?"

పార రంగుడబ్బా కింద ఉంది.

కంబగిరి ఆ రోజు తవ్వడం మొదలుపెట్టి ఎండ నడినెత్తికొచ్చేదాకా ఆపలేదు. పార నేలకు తగిలి ఎగిరి వెనక్కొచ్చింది. భుజాలు అదిరాయి. తిట్టుకుంటూ తవ్వాడు. అన్నను తిట్టాడు, ఉస్తాదును తిట్టాడు, తన పొట్టను తిట్టాడు. దండీలు తీశాడు, బస్కీలు తీశాడు, కళ్ళు తిరిగి పడిపోయి మళ్ళీ లేచాడు. ఇంట్లో అన్నం ముట్టలేదు. మిగతా శిష్యులు ఈలలు వేశారు. "అన్నను మించిపోతాడ్రా వీడు!" అన్నారు.

ఉస్తాదు ఒకసారి మాత్రం అతని అరచేతులు పట్టుకుని తిప్పి చూసి వదిలేశాడు.

అలా కొన్నాళ్ళు. మూల సగం పెళ్ళగిలింది. నడుము సన్నబడింది. కంబగిరి ఫోటో దిగాడు.

తర్వాత అరచేతుల్లో బొబ్బలు పగిలి చీము పట్టాయి. పార పట్టుకోలేకపోయాడు. మానేదాకా ఇంట్లో ఉన్నాడు. ముందు సిగ్గుగా ఉండింది. తర్వాత ఆకలిగా ఉండింది. ఇన్నాళ్ళూ కడుపు మాడ్చుకున్నదంతా ఒక్కసారిగా అడిగింది. తిన్నాడు. అరుగు మీద అన్న కూర్చున్నచోటే కూర్చుని తిన్నాడు.

ఒక మధ్యాహ్నం వదిన సుంకులమ్మ అన్నం పెడుతూ ఉంది. మద్దిలేటి పోయాక ఆమె పెద్దగా మాట్లాడటం లేదు. పెరట్లో సన్నికల్లు బోర్లించి పెట్టింది. దాని మీదే రోజూ మద్దిలేటికి బాదం నూరేది.

కంబగిరి అరచేతులు చూసుకున్నాడు.

"పుండ్లు మానినాయి వదినా. రేపట్నుంచి పోతా."

సుంకులమ్మ చేతిలో నెయ్యిగరిటె గాల్లోనే ఆగింది.

"ఏమంటివి?"

కంబగిరికి తన మాట అప్పుడు వినిపించింది.

ఆమె ఏడవలేదు. నెయ్యి తిరిగి గిన్నెలో పోసేసింది.

"మీ అమ్మ ఇద్దరికీ ఒకటే నాలుక పెట్టి పోయిందే! చెప్పు, ఆ మిగిలిన రెక్క కూడా ఊడదీయాల్నా? ఇప్పుడే వడ్రంగిని పిలిపిస్తా."

"వదినా..."

"ఆయనా ఇట్లే అంటాండె. రేపు తాలీంకి పోయే మనిషికి బలముండాలని రోజూ పొద్దున్నే నూరిస్తి. వద్దనలేదు నేను. రేపు చేసే కసరత్తుకు ఈరోజే తినె. అంతా తినేసె. ఆ రేపొక్కటి రాకపాయె." ఆమె గిన్నె మూత పెట్టింది. "నా చేత్తో నూరిస్తి కంబగిరీ. ఉస్తాదును అడుగుతాండావు కదా జవాబు. నన్ను ఎప్పుడు అడుగుతావు?"

కంబగిరి అన్నంలో చెయ్యి కడిగేశాడు. ఎండలో చెప్పులు లేకుండా వీధి దాటాడు.

ఆ వేళకు తాలీంలో ఎవరూ ఉండరు. ఉస్తాదు చాప మీద మోచెయ్యి కళ్ళ మీద వేసుకుని పడుకున్నాడు. కంబగిరి మూలకు పోయి చూశాడు. తను పెళ్ళగించిన మట్టి మళ్ళీ గట్టిపడిపోయింది. గడ్డలు గడ్డలుగా బిగుసుకుని, మునుపటికంటే అధ్వానంగా ఉంది. పార తీసి తల మీదికెత్తాడు.

"నీళ్ళు చల్లు," అన్నాడు ఉస్తాదు, కళ్ళు తెరవకుండానే.

చల్లాడు.

"కూర్చో. నాననీ."

కూర్చున్నాడు. మట్టి నీళ్ళు పీల్చుకోవడం చూస్తూ పళ్ళు కొరికాడు. పుస్తకాల్లో చదివిన మాటలన్నీ గోడ మీద ఎర్రగా ఉన్నాయి. వాటిలో ఎక్కడా కూర్చోమని లేదు.

చాలాసేపటికి ఉస్తాదు లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడు తవ్వు."

పార దిగింది. ఎగరలేదు. కంబగిరికి ఊపొచ్చింది. ఇంకో దెబ్బ, ఇంకోటి, ఇంకోటి. మళ్ళీ ఎత్తేసరికి పార కదల్లేదు. వెనకనుంచి ఉస్తాదు కర్ర పట్టుకున్నాడు.

"చాలు."

"ఇప్పుడే కదా మొదలుపెట్టినా! ఒంట్లో ఇంకా శక్తి ఉంది."

"ఉంది కాబట్టే చాలంటాండా. ఉన్నదంతా ఈరోజే పోసేస్తే రేపు ఎవరొస్తారు?"

"ఈ లెక్కన ఎప్పటికైతుంది?"

"ఏది?"

"ఈ మూల. ఇదంతా మెత్తబడేది ఎప్పటికి?"

ఉస్తాదు పార తీసుకుని తన వంతు దగ్గరికి నడిచాడు. ఆయన కుస్తీ నేర్చిన నాటినుంచీ తవ్వుతున్న వంతు అది. ఏళ్ళ నూనెకు నల్లబడి, మెత్తగా, పాదం పెడితే చీలమండదాకా దిగిపోయేలా ఉంది. పొద్దున తవ్విందే. అయినా పార ఒకసారి వేసి, మట్టి తిరగేశాడు.

"నాదింకా కాలేదు," అన్నాడు.

కంబగిరి ఆ రోజు ఇంటికి పోయి, కుండలో మిగిలిన అన్నం తిన్నాడు. మరునాడు పొద్దున వచ్చాడు.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ జరగలేదు. వచ్చేవాడు, నీళ్ళు చల్లేవాడు, కాస్త తవ్వేవాడు, ఇంకా చెయ్యాలని ఉండగానే పార పెట్టేసేవాడు. జ్వరమొచ్చిన రోజు వచ్చి, ఒక్క దెబ్బ వేసి పోయాడు. ఒకరోజు రాలేకపోయాడు. మరునాడు వచ్చి ఎందుకు రాలేదో చెప్పబోతే ఉస్తాదు నీళ్ళచెంబు అందించాడు. మెల్లగా దండీలు మొదలయ్యాయి. అవీ అంతే, ఆపబుద్ధి కానప్పుడే ఆపేవాడు.

ఇంట్లో గిన్నెలో నెయ్యి చాలాకాలం మిగిలింది. అతనేమీ ఒట్టు పెట్టుకోలేదు. వదిన గరిటె ముంచినప్పుడు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు, అంతే. ఆమె ఒకనాడు అతని చొక్కాలు తీసుకుపోయి, పక్కల కుట్టు లోపలికి వేసి, మడతపెట్టి మళ్ళీ అక్కడే ఉంచింది. ఆ విషయం ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఫోటో ఎవరూ తీయలేదు.

వానలు మొదలయ్యాయి. తాలీం కప్పు కారి గోడ మీది ఎర్ర అక్షరాలు పొడవుగా చారలు కట్టాయి. రణరంగం కరిగింది. వీరమరణం కూడా కరిగింది. కంబగిరి మళ్ళీ రాయలేదు. రంగుడబ్బా ఎక్కడ పెట్టాడో కూడా గుర్తులేదు.

కోపం మాత్రం పోలేదు. తవ్వుతున్నప్పుడు ఒక్కోసారి తలెత్తి ఉస్తాదు వీపు చూసేవాడు. ఇంత తెలిసిన మనిషి. పార పట్టి ఆపడం తెలిసినవాడు, నీళ్ళు చల్లమని చెప్పడం తెలిసినవాడు. అన్నకెందుకు చెప్పలేదు? ఆ ప్రశ్న మట్టిలో రాయిలా ప్రతి రోజూ పారకు తగిలేది.

ఆగస్టు పదిహేను వచ్చింది. మబ్బు పట్టి ఉంది. వీధి మొగదల జెండా కట్టారు. స్పీకరు గరగరమంటోంది. పిల్లలు కాగితం జెండాలు పట్టుకుని బురదలో నిలబడ్డారు. కంబగిరి పెట్టిన గడువు సంగతి వీధిలో అందరికీ తెలుసు. జెండా చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగంమంది తాలీం వైపు కూడా ఓ కన్నేసి ఉంచారు.

కంబగిరి తన వంతు తవ్వాడు. తూర్పు మూల ఇప్పుడు మిగతా గోదాలాగే ఉంది, కొత్తవాడికి చూపిస్తే ఏది మద్దిలేటి మూలో చెప్పలేడు. పార గోడకు ఆనించాడు. అడగాలి. నోరు తెరిచాడు.

"మీరు..." అన్నాడు.

ఉస్తాదు ఉతికిన జుబ్బా వేసుకున్నాడు. గుమ్మం దగ్గరికి నడిచి, గోడ పట్టుకుని, ఒక కాలు వీధిలో పెట్టాడు. తర్వాత రెండోది. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆయన తొందరపడలేదు. ఆటో ఆగింది. కంబగిరి వెనకే నడిచాడు. జనం జెండాను వదిలి ఇటు తిరిగారు.

అవతలికి చేరడానికి పట్టింది కొంచెంసేపే.

సుంకులమ్మ కొంగు తల మీదికి లాక్కుని గుమ్మంలో నిలబడింది. ఆ గుమ్మానికి ఇంకా ఒకటే రెక్క. రెండోది మద్దిలేటి పోయిన రోజున ఎక్కడ ఆనించారో అక్కడే, వానకు ఉబ్బి, గోడకు ఉంది.

ఉస్తాదు దాని మీద చెయ్యి వేశాడు.

"పట్టు బేటా."

ఇద్దరూ ఎత్తారు. బరువైన పాతకాలపు రెక్క. ఉస్తాదు పై అంచు పట్టుకున్నాడు. కంబగిరి కిందనుంచి మోసి, బందుల్లో కూర్చోబెట్టాడు. ఆయాసం రాలేదు. ఆ సంగతి అతను గమనించలేదు. సుంకులమ్మ గమనించింది.

తలుపు కిర్రుమని మూసుకుని, తెరుచుకుంది.

ఉస్తాదు అరుగు మీద కూర్చున్నాడు. సరిగ్గా మద్దిలేటి కూర్చునే చోట. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూశాడు.

"ఇక్కణ్ణుంచి కనపడుతుందా ఇది!" అన్నాడు.

కంబగిరి వంగి ఆయన కళ్ళ ఎత్తునుంచి చూశాడు. తాలీం తలుపు తెరిచి ఉంది. ఆ తలుపులోంచి గోదాలో కనపడేది ఒక్క తూర్పు మూలే.

అన్న ప్రతి పొద్దునా చూస్తూ కూర్చున్నది అదే.

స్పీకరులో ఎవరో స్వాతంత్ర్యం గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. ఉస్తాదు గొంతు ఎత్తలేదు. దగ్గరున్నవాళ్ళకు మాత్రం వినపడింది.

"వాడే రావాలనుకున్నా. నా శిష్యుడు కదా, నేను పోయి పిలవడమేమని. తర్వాత పిలవాల్సిందే అనిపించింది. రోజూ ఈ గుమ్మం చూసి, రేపు పిలుద్దామనుకున్నా."

అంతే చెప్పాడు.

కంబగిరి ఈ రోజు కోసం మాటలు ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాడు. పదునైన మాటలు, చప్పట్లు పడే మాటలు. అవన్నీ వదిలేసి ఉస్తాదు పక్కన అరుగు మీద కూర్చున్నాడు. సుంకులమ్మ లోపలికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఉస్తాదు పక్కన పెట్టింది.

ఆయన తాగి, మూతి తుడుచుకుని, మొలతాడుకున్న తాళంచెవి విప్పాడు.

"నాకు షుగరు. పాదాలు తెలీడం లేదు. పార కాలి మీద పడినా తెలిసేట్టు లేదు. తాలీం పొద్దున్నే తెరిచేవాడు కావాల. తెరుస్తావా?"

కంబగిరి కళ్ళు నిండాయి. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"తెరుస్తా ఉస్తాద్! ప్రాణం పోయినా సరే. మీకు మాటిస్తా..."

మట్టి వాసన వేసే అరచెయ్యి వచ్చి అతని నోరు మూసింది.

"ఇప్పుడు కాదు," అన్నాడు ఉస్తాదు. తాళంచెవి అతని గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూశాడు. "వచ్చే ఏడు ఆగస్టు పదిహేను పొద్దున చెప్పు. అంతకు ముందు చెప్తే వినను."